సాలగ్రామ చక్రము — పుట్టుక, పరీక్ష



గత కార్తికమాసమున ఈ ఆలయ ప్రాంగణమున మా ఉపన్యాసములు ముగిసిన దినమున, జనులందరును తీర్థప్రసాదములు స్వీకరించి వెళ్ళిపోయిన పిదప, డెబ్బదియేండ్లు దాటిన ఒక గృహిణి మా యొద్దకు వచ్చినది. చీర కొంగున చుట్టి తెచ్చిన రాగి సంపుటమును మా ముందుంచినది. "శాస్త్రులుగారూ, ఇది మా మామగారు అర్చించిన సాలగ్రామం. నాలుగు తరాలుగా మా ఇంట ఉన్నది. ఇప్పుడు మా అబ్బాయి అభిషేకం చేస్తున్నాడు. మా మనుమడు కాలేజీలో భూగర్భశాస్త్రం చదువుతున్నాడు. వాడు మొన్న సెలవులకు వచ్చి దీన్ని చూసి, 'నాయనమ్మా, ఇది ఎప్పుడో చచ్చిన సముద్రపు పురుగు గుల్ల' అన్నాడు. ఆ మాట విన్నప్పటినుంచి మా అబ్బాయి అభిషేకం మానేశాడు. చచ్చినదాన్ని దేవతార్చనలో పెట్టి ఆ తీర్థం పుచ్చుకొంటున్నామా అని వాడి సందేహం. తొమ్మిది రోజులైంది. మీరేం చెబితే అది" అని కన్నీరు పెట్టుకొన్నది.

మేము ఆనాడు సమాధానము చెప్పలేదు. ఏలయన, ఆ ప్రశ్నకు సగము మాత్రమే మేము పాఠశాలలో చదివిన చదువులో ఉన్నది. తక్కిన సగము రాళ్ళను చదివినవారి యొద్ద ఉన్నది. భూగర్భశాస్త్రమును ముప్పది సంవత్సరములు బోధించి విశ్రాంతి పొందిన మిత్రుడొకడు మాకు కలడు. ఆయన ఇంటికి పోయి, ఆయన అరలలో పేర్చుకొన్న శిలాజములను చేతపట్టి చూచి, తెలిసికొన్నదానిని ఇచ్చట విన్నవించుచున్నాము.

మొట్టమొదట ఆ బాలుడు చెప్పినది అసత్యము కాదని ఒప్పుకొనవలయును. చక్రాంకితమైన సాలగ్రామములందలి చక్రము అమ్మోనైట్ అను జలచరపు గుల్ల, లేదా ఆ గుల్ల రాతిపై విడిచిన ముద్ర. సాలగ్రామములు దొరకు చోటు నేపాళమున ముస్తాంగ్ ప్రాంతము. కాళీగండకీ నది అచ్చట టిబెట్టు సరిహద్దున పుట్టి, దామోదరకుండము నుండి వచ్చు నీటిని కలుపుకొని, ముక్తినాథ క్షేత్రపు క్రిందుగా కాగ్‌బేనీ, జోమ్‌సోమ్ గ్రామముల మీదుగా దక్షిణమునకు దిగును. ముక్తినాథము సుమారు 3,700 మీటర్ల ఎత్తున ఉన్నది. శ్రీవైష్ణవులు దానిని నూటయెనిమిది దివ్యదేశములలో నొకటిగా ఎన్నుదురు. నది తరువాత అన్నపూర్ణ, ధవళగిరుల నడుమ లోతైన లోయను కోసికొని, బీహారమున హరిహరక్షేత్రమని పేరొందిన సోన్‌పూర్ వద్ద గంగలో కలియును. గజేంద్రమోక్షము జరిగిన తావు అదియేనని అచ్చటివారు చెప్పుదురు. అయితే సోన్‌పూర్ వద్ద నదిలో దిగి వెదకినవానికి చక్రము దొరకదు. చక్రములు పై భాగమున, కొండలలోనే. దానికి కారణము రాతిలో ఉన్నది.

ముస్తాంగ్ కొండలలో నల్లని, పెళుసైన పలకరాతి పొరలు కలవు. హిమాచలమున స్పితి అను లోయలో వీనిని మొదట శ్రద్ధగా పరిశీలించుటచే పండితులు వీనికి స్పితి పొరలని పేరిడిరి. స్పితి నుండి కుమావూఁ మీదుగా నేపాళము వరకు ఇవి హిమాలయముల వెనుక ప్రక్కన వ్యాపించియున్నవి. ఈ పొరలు ఒకప్పుడు సముద్రపు అడుగున పేరుకొన్న బురద. ఆ సముద్రమునకు ఆస్ట్రియా పండితుడు ఎడ్వర్డ్ స్యూస్ 1893లో టెథిస్ అని పేరు పెట్టెను. మన భరతఖండము ఆనాడు ఆసియాతో కలిసి యుండలేదు. అది దక్షిణ గోళమున ఉండెను. దాని ఉత్తరపు అంచును ఆ సముద్రము తాకుచుండెను. కనుక ఈ బురద పరదేశపు బురద కాదు, మన ఖండపు ఉత్తర తీరమున పేరుకొన్నదే. ఇది చాలవరకు జురాసిక్ యుగపు చివరి భాగమున జరిగినది. జురాసిక్ యుగమనగా సుమారు 20 కోట్ల 10 లక్షల సంవత్సరముల క్రిందట మొదలై 14 కోట్ల 50 లక్షల సంవత్సరముల క్రిందట ముగిసిన కాలము. ఫ్రాన్సు, స్విట్జర్లాండు దేశముల నడుమ నున్న జురా పర్వతములను బట్టి ఆ పేరు వచ్చినది. కల్పమన్వంతరముల లెక్కలు వల్లించిన మాకు ఈ సంఖ్యలు భయము కలిగింపలేదని మా మిత్రునితో అంటిమి. ఆయన నవ్వి, "మీకు సంఖ్యలు అలవాటే. మీకు లేని అలవాటు పొరలు లెక్కించుట" అనెను. అది నిజమే.

ఇక జీవి సంగతి. అమ్మోనైటు నత్త కాదు, పురుగును కాదు. నేటి ఆక్టోపసు, స్క్విడ్ మొదలగు వానికి జ్ఞాతి. దాని గుల్ల ఒకే సమతలమున చుట్టలు చుట్టుకొని పెరిగెడిది. జీవి చివరి పెద్ద గదిలో మాత్రమే నివసించుచు, పెరిగిన కొలది వెనుక నొక అడ్డుగోడ కట్టి ముందుకు జరిగెడిది. వెనుకనున్న గదులన్నియు వాయువుతో నిండి నీటిలో తేలుటకు సాధనములయ్యెను. ఆ గదులన్నింటి గుండా ఒక సన్నని నాళము పోవును. నాటిలస్ అను జీవి నేటికిని పసిఫిక్, హిందూ మహాసముద్రములలో ఇట్లే గదుల గుల్లతో బ్రతుకుచున్నది. దానికిని దీనికిని భేదము రెండు చోట్ల చూడవలయును. నాటిలస్ నందు నాళము గదుల మధ్యగా పోవును. అమ్మోనైటు నందు గుల్ల వెలుపలి అంచును అంటిపెట్టుకొని పోవును. నాటిలస్ అడ్డుగోడ గుల్లను తాకిన చోట మెత్తని వంపుగీత కనబడును. అమ్మోనైటు నందు ఆ అతుకుగీత ఆకుల అంచువలె, కుట్టుపని వలె, మడతలు మడతలుగా నుండును. ఆ గీత కంట బడెనా, అది అమ్మోనైటు అనుటకు వేరు సాక్ష్యము అక్కరలేదు. అమ్మోనైటుల వంశము మొత్తము 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రిందట, రాక్షసబల్లులతో పాటు అంతరించినది.

జీవి చనిపోయి గుల్ల బురదలో పడినపుడు, గాలి చొరని ఆ బురదలో దాని చుట్టు ఖనిజములు చేరి గట్టిపడి ఒక రాతిముద్ద ఏర్పడును. చుట్టునున్న పలకరాయి పెళుసు, ముద్ద గట్టి. కోట్ల సంవత్సరముల తరువాత భరతఖండము ఆసియాను ఢీకొని సముద్రపు అడుగు పర్వతమై లేచినది. గండకి ఆ పొరలను కోయునపుడు పలకరాయి పొడియై కొట్టుకొని పోయెను, ముద్దలు మాత్రము దొర్లి దొర్లి నునుపెక్కి నిలిచెను. అవియే మన సాలగ్రామములు. మరి కొంత దూరము పోవునప్పటికి అవియు అరిగి చెదరిపోవును గనుక సోన్‌పూర్ వద్ద దొరకవు.

ముద్దలోని గుల్ల కొన్నిటియందు రాయిగా మారి నిలుచును. కొన్నిటియందు పూర్తిగా కరగిపోయి దాని స్థానమున ఖాళీ మిగులును. అట్టి ఖాళీకి నది ఒరసిన చోట ద్వారము తెరచుకొనును. లోపల చూచిన, ఇరుప్రక్కల రెండు చక్రముల ముద్రలు ఎదురెదురుగా కనబడును. అవి ఒకే గుల్ల యొక్క కుడి ఎడమ పార్శ్వముల అచ్చులు. వజ్రకీటము తన వజ్రదంతములతో శిలను తొలిచి చక్రములు చేసినదని పౌరాణికులు వర్ణించిరి గదా. బోలుగా నున్న రాతిలో పండ్లచక్రము వంటి గుర్తును చూచి, ఒక జీవి ఇందులో నివసించెనని ఊహించిరి. జీవి ఉండెననుట సరియే. అది రాతిని తొలువలేదు, రాయియే దాని చుట్టు ఏర్పడినది. మిగిలిన చోట్ల మానవులు ఊహించినది చూచిన, మనవారి ఊహ ఎంత దగ్గరగా నున్నదో తెలియును. ఇంగ్లండున విట్‌బీ అను రేవులో ఇవి దండిగా దొరకును. సెయింట్ హిల్డా అను సన్యాసిని శపించి పాములను రాళ్ళుగా మార్చినదని ఆ ఊరివారి కథ. కథకు తగినట్లు వ్యాపారులు ఆ రాళ్ళకు పాము తలలు చెక్కి అమ్మిరి! ఆ సన్యాసిని పేరిటనే పండితులు అచ్చటి ఒక జాతికి హిల్డోసెరస్ అని పేరు పెట్టిరి. అమ్మోనైటు అను పేరు కూడ దేవతాసంబంధమే. ఐగుప్తు దేశపు అమ్మోన్ దేవునికి పొట్టేలు కొమ్ములుండును. ఆ కొమ్మువలె చుట్టుకొన్నది గనుక రోము దేశపు ప్లినీ కాలము నుండియు దీనికి అమ్మోను కొమ్ము అని వాడుక.

ఇప్పుడు గుర్తింపు. ఇచ్చట నెమ్మదిగా వినవలయును. ఏలయన మోసపోవుట ఇచ్చటనే.

మా మిత్రుడు రాతిని చేతికిచ్చి నాలుగు సంగతులు చూడుమనెను. మొదటిది, చుట్టలు ఒకదానినొకటి ఎంత కప్పుకొన్నవి? నడుమ నాభి విశాలముగా నుండి లోపలి చుట్టలన్నియు కనబడుచున్నవా, లేక చివరి చుట్ట లోపలివానిని మ్రింగి నాభి చిన్న గుంటగా మిగిలినదా? రెండవది, చుట్టలపై అడ్డముగా నున్న గట్లు. అవి నాభి వద్ద ఒంటిగా బయలుదేరి వెలుపలికి పోవుచు రెండుగా చీలుచున్నవా? మూడవది, గుల్ల వెలుపలి అంచు. గట్లు ఆ అంచును దాటి అవతలి ప్రక్కకు పోవుచున్నవా, అంచున ఆగి నున్నని గాడి విడిచినవా, లేక అంచున నిలువు గట్టు గలదా? నాలుగవది, ముందు చెప్పిన అతుకుగీత.

ఈ నాలుగింటితో చాలవరకు కుటుంబమును చెప్పవచ్చును. పెరిస్ఫింక్టీస్ వర్గమువానికి నాభి విశాలము, చుట్టలు త్రాడు చుట్టినట్లుండును, గట్లు అంచు దగ్గర చీలి అవతలికి దాటును. గండకిలో తరచుగా దొరకు బ్లాన్‌ఫోర్డిసెరస్ నందు గట్లు చీలును గాని వెలుపలి అంచున నడుమ తెగి నున్నని గాడి నిలుచును. దానిలో ప్రసిద్ధమైన ఒక జాతికి, కలకత్తా వృక్షోద్యానమును నడిపిన వాలిచ్ అను పండితుని పేరున్నది. ఫిల్లోసెరస్ వర్గమునకు నాభి మిక్కిలి చిన్నది, పైభాగము సన్నని గీతలతో నున్నగా నుండును, అతుకుగీత వంపులు చిన్న ఆకులవలె నుండును. విట్‌బీ హిల్డోసెరస్ అంచున గట్టు, దానికి ఇరువైపుల గాడులు. మా మిత్రుని అరలో కచ్ దేశపు మాక్రోసెఫలైట్స్ ఒకటి ఉన్నది. అది లడ్డువలె ఉబ్బినది, నాభి సన్నపు రంధ్రము. ఇంత విపులముగా చెప్పుటకు కారణము, ఏ జాతి ఎంతకాలము బ్రతికెనో తెలిసిన, ఆ రాయి ఏ కాలపు పొరలోనిదో తెలియును. జర్మనీ పండితుడు ఆల్బర్ట్ ఓపెల్ పందొమ్మిదవ శతాబ్ది నడుమ జురాసిక్ పొరలను విభజించినపుడు ఎక్కువగా ఈ గుల్లలనే గడియారముగా వాడెను. ఫెర్డినాండ్ స్టోలిజ్‌కా స్పితి లోయ పొరలను శోధించి, 1874లో లడక్ ప్రాంతముననే మరణించెను. స్పితి గుల్లలను విక్టర్ ఉహ్లిగ్ గత శతాబ్ది మొదట గొప్ప గ్రంథముగా వర్ణించెను. కచ్ గుల్లలను వాగెన్ 1870లలో, స్పాత్ 1927 మొదలు వర్ణించిరి.

మన పురాణములందును సాలగ్రామ లక్షణములు విస్తారముగా నున్నవి. అగ్ని, గరుడ పురాణములలో చక్రముల సంఖ్యను బట్టి, వర్ణమును బట్టి, రేఖలను బట్టి పేర్లు చెప్పబడినవి. ఒక చక్రము గలది సుదర్శనము, రెండు గలది లక్ష్మీనారాయణము, మూడు గలది అచ్యుతము, ఇట్లు పన్నెండు గలది ద్వాదశాత్మ, అంతకు మించినది అనంతము అని ఒక పరిగణన. గ్రంథభేదముచే పేర్లు మారుచుండును. బంగారు ఛాయ గల చుక్కలు, రేఖలు గలవానిని విశేషముగా కొనియాడుదురు. ఆ బంగారము నిజముగా బంగారము కాదు. పైరైట్ అను ఇనుము, గంధకముల ఖనిజము. కొందరు ఉత్సాహవంతులు బ్లాన్‌ఫోర్డిసెరస్ అనగా నరసింహమని, ఫిల్లోసెరస్ అనగా ఫలానా మూర్తియని పట్టికలు వ్రాయుచున్నారు. అది పొసగదు. శాస్త్రజ్ఞుడు గట్లను, గీతలను చూచి జీవి వంశమును చెప్పును. లక్షణగ్రంథము ద్వారమును, చక్రసంఖ్యను, వర్ణమును చూచి ఉపాస్యమూర్తిని చెప్పును. ఒకే జాతి గుల్ల ఒక ముద్దలో ఒంటిగా నుండి సుదర్శనమగును, మరియొక ముద్దలో నాలుగైదు కలిసి యుండి వేరు పేరు పొందును. రెండు పద్ధతులును ఒక్క విషయమున మాత్రము ఏకీభవించును: చక్రము సహజముగా నుండవలయును, చెక్కినది కారాదు.

ఇచ్చట మా అవివేకము నొకటి చెప్పుకొనక తప్పదు. సుమారు ముప్పది ఏండ్ల క్రిందట ఉత్తరదేశమున ఒక తీర్థక్షేత్రమునకు పోయి, ఒక అంగడిలో నిగనిగలాడు సాలగ్రామమును చూచి ముచ్చటపడి కొంటిమి. సాలగ్రామమునకు వెల కట్టరాదని, కట్టినవానికిని కొన్నవానికిని దోషమని పురాణములందు చదివియు కొంటిమి. ఒక మాసము అభిషేకము చేసినపిమ్మట తీర్థపు గిన్నె అడుగున నల్లని మడ్డి తేలెను. రంగు! ఆ రాతిని ఇన్నాళ్ళకు మా మిత్రునికి చూపగా, ఆయన ఒక నిమిషమైనను పట్టుకొనలేదు. చక్రపు చుట్టలన్నియు ఒకే వెడల్పున నున్నవి. నిజమైన గుల్ల చుట్ట చుట్టకు ఒకే నిష్పత్తిలో వెడల్పగుచు పోవును. గట్లు చీలుట లేదు. చక్రపు ఆకులవలె అన్నియు సూటిగా కేంద్రము నుండి బయలుదేరినవి. గాడుల అడుగున ఉలి జారిన గీతలు భూతద్దములో కనబడినవి.

కనుక గృహస్థులు చూడవలసినవి ఇవి. చుట్ట లోపలినుండి వెలుపలికి క్రమముగా పెరుగుచున్నదా? గట్లలో కొన్నియైన చీలుచున్నవా? చక్రము అంచు రాతిలోనికి చొచ్చుకొని పోవుచున్నదా, లేక పైపైన గీసి ఆగినదా? రాయి విరిగి రెండు చెక్కలుగా నున్నచో, ఒకదాని ఉబ్బు మరియొకదాని గుంటలో సరిగా ఇముడవలయును. మోసగాండ్రు ఒక చెక్కను మాత్రమే చేయుట సులభము, రెండును చేయుట కష్టము. పోత పోసిన బొమ్మలు చేతిలో తేలికగా, వెచ్చగా ఉండును; వాని అంచున అచ్చు అతికిన గీత కనబడును. తడిగుడ్డతో తుడిచిన రంగు అంటునేమో చూడవచ్చును. బియ్యములో ఉంచి మరునాడు తూచుట, పాలలో వేసి చూచుట మొదలగు పరీక్షలు కొందరు చెప్పుదురు. వానివలన రాయి సహజమో కృత్రిమమో తేలదు. ఆమ్లపు చుక్క వేయుట, సూది కాల్చి గ్రుచ్చుట మొదలగునవి అంగడిలో వస్తువునకు చెల్లునేమో గాని, పూజలో నున్నదానికి చేయరాదు.

మరియొక భ్రమ కలదు. గండకిలోని ప్రతి నల్లరాయియు సాలగ్రామమే అని. 2023 ఫిబ్రవరిలో గండకీ తీరము నుండి రెండు మహాశిలలు అయోధ్యకు చేరినవి. వానిని సాలగ్రామ శిలలని పత్రికలు వ్రాసినవి. భక్తులు దారి పొడవున పూజించిరి. అవి క్షేత్రసంబంధముచే పూజ్యములు కావచ్చును. అట్టి పరిమాణముగల శిల గుల్ల చుట్టు ఏర్పడిన రాతిముద్ద కాదు. 2024 జనవరి 22న ప్రతిష్ఠితుడైన బాలరాముని మూర్తి కర్ణాటకము నుండి వచ్చిన కృష్ణశిలతో మలచబడినది. చక్రములేని నున్నని శిలలను సంప్రదాయము కొన్నిచోట్ల అంగీకరించును. కాని దానిని అమ్మోనైటు అనరాదు.

వెల కట్టరాదన్న నియమమునకు లోకమున నున్న ఫలము మాకు ముసలితనమున తెలిసినది. అమ్మకము లేనిచోట నకిలీ పుట్టదు. స్వయముగా పోయి నదిలో వెదకుట, పెద్దల వలన పొందుట, దానముగా స్వీకరించుట, ఇవి మూడే పూర్వులు ఎక్కువగా ఆదరించిన మార్గములు. ఆ లోయకు మేమును ఒకసారి పోతిమి. వానకాలపు వెల్లువ తగ్గిన తరువాత నది కొత్త రాళ్ళను ఒడ్డున విడుచును గనుక ఆశ్వయుజ కార్తికములు వెదకుటకు అనుకూలము. ఉదయమే దిగవలయును. ప్రొద్దెక్కిన కొలది లోయలో దక్షిణము నుండి గాలి లేచి ఇసుకతో కన్ను తెరవనీయదు. రెండు దినములు నీటి అంచున వంగి నడచినను మాకు గులకరాళ్ళే దొరకెను. మూడవనాడు దారిచూపు కుర్రవాడు మా కాలి క్రిందనే యున్నదానిని తీసి ఇచ్చెను! రాయి చూచుట కాదు, గుండ్రని ముద్దపై గట్ల వరుసను చూచుట అలవడవలయునని అతడు చెప్పెను. అచ్చట కొందరు ముద్దలను సుత్తితో పగులగొట్టి లోపల వెదకుదురు. లోపల చక్రమున్నను ఆ దెబ్బకు చెడుట కలదు. ఖాళీ ముద్దలు పదులకొలది వ్యర్థమగును. నది తెరచినదానిని తీసికొనుటయే ఉత్తమమని మా అభిప్రాయము.

శాస్త్రార్థము సేకరించువారి క్రమశిక్షణ మనకును పనికివచ్చును. వారు రాతిని తీయుటకు ముందే అది ఏ చోట, ఏ పొరలో, ఏ దినమున దొరకెనో చీటీ వ్రాసి దానితోనే ఉంచుదురు. చీటీ లేని గుల్ల వారికి సగము మూగది. కచ్ యందు ధోసా పొరవంటి చోట్ల గుల్లలు రాతిలోనే పొదిగి యుండుటచే ఏ పొరయో నిశ్చయముగా తెలియును. నదిలో దొరకిన రాయి తన పొరను విడిచి వచ్చినది. జాతిని బట్టి ఊహింపవలసినదే. మన సంపుటములలోని సాలగ్రామములకు ఏ తాత, ఏ యాత్రలో, ఎవరివలన పొందెనో వ్రాసియుంచిన ఇండ్లు ఎన్ని? అమ్మోనైటులు మన దక్షిణదేశమునను లేకపోలేదు. అరియలూరు ప్రాంతమున, మన పశ్చిమ గోదావరి సీమ రాఘవాపురపు పొరలలో కలవు. అవి జురాసిక్ తరువాతి యుగమువి. వానిని సాలగ్రామములని ఎవ్వరును పూజింపలేదు.

ఇక ఆ తల్లి ప్రశ్న. చచ్చిన జీవి శరీరము గనుక అశుచి కాదా?

స్మృతులందు ద్రవ్యశుద్ధి ప్రకరణము కలదు. మనుస్మృతి ఐదవ అధ్యాయమున, అంటు లేని బంగారమును, నీటిలో పుట్టిన శంఖాదులును, రాతితో నైనవియు కేవల జలముచేతనే శుద్ధములగునని చెప్పబడినది. మన పూజలో శంఖము లేనిదే అభిషేకము సాగదు. ముత్యము, పగడము దేవతలకు అలంకారములు. ఇవన్నియు జలచరముల శరీరభాగములే. వీనికి లేని అశౌచము దీనికి ఎట్లు వచ్చును? పైగా ఇందు గుల్ల పెక్కింట మిగులనే లేదు, దాని స్థానమున శిల నిండినది, లేదా శూన్యము ముద్రించుకొన్నది. నీట పుట్టినది, రాయి యైనది. మనువు చెప్పిన రెండు వర్గములలో ఎందు చేర్చినను నీటిచేతనే శుద్ధము. నిత్యమును నీటనే అభిషేకించుచున్నాము.

మరి దేవుడు కాదన్నాడు గదా, అందురు. శంకర భగవత్పాదులు బ్రహ్మసూత్రభాష్యమున సర్వవ్యాపియైన బ్రహ్మమును హృదయమను అల్పస్థానమున ఉపాసించుటకు దృష్టాంతముగా సాలగ్రామమున హరిని ఉపాసించుటను చూపిరి. అనగా రాయి హరికి పర్యాయపదమని వారు చెప్పలేదు; ఉపాసనకు స్థానమని చెప్పిరి. ఆ స్థానము ఎట్లు ఏర్పడెనో తెలిసినంత మాత్రమున ఉపాసనకు లోపమేమి? ప్రత్యక్షమునకు విరుద్ధమైన చోట శ్రుతి ప్రమాణము కాజాలదని గీతాభాష్యమున వారే నిష్కర్షించిరి. వజ్రకీట కథ ప్రశంసాపరమైన అర్థవాదము. మీమాంస చదివినవాడు దానిని పట్టుకొని పొరలను కాదనడు. పొరలను పట్టుకొని ఉపాసనను కాదనుటయు అదే తప్పు.

సంరక్షణ విషయమున రెండు మాటలు. పూజాసామగ్రితో పాటు సాలగ్రామమును చింతపండుతో తోముట మేము కొన్ని ఇండ్లలో చూచితిమి. మానవలయును. పులుపు సున్నపు అంశమును తినివేయును. గట్లు, అతుకుగీతలు ముందుగా పోవును. పంచామృతము తరువాత, ముఖ్యముగా పెరుగు పోసినపిమ్మట, శుద్ధోదకముతో బాగుగా కడిగి, ద్వారములో తడి నిలువకుండ మెత్తని గుడ్డతో ఒత్తి, ఆరిన తరువాతనే సంపుటమున ఉంచవలయును. బంగారు ఛాయ గలవి మరింత జాగ్రత్తగా చూడవలయును. పైరైట్ తేమ తగిలి చెడి పొడియగును, రాతిని లోపలినుండి పగులగొట్టును. అట్టివానికి మూత బిగించిన తడి సంపుటము శత్రువు.

మేము ఈ సంగతులన్నియు ఆ తల్లికి మార్గశిరమున చెప్పితిమి. ఆమె మనుమని వెంటబెట్టుకొని మరల వచ్చినది. ఆ బాలుడు మొదట బిడియపడెను. మేము రాతిని చేతికిచ్చి, "నాయనా, నీవు చూచినది మాకు చూపుము" అంటిమి. అతడు జేబులోని భూతద్దము తీసి, గట్లు చీలిన చోటును, అంచున నున్నని గాడిని, ఒక మూల ఒక్క అంగుళము మేర మిగిలిన అతుకుగీతను నాయనమ్మకు చూపెను. ఆమె ఏబదియేండ్లుగా ఆ రాతిని చూచుచున్నను ఆ గీతను చూడలేదట. బ్లాన్‌ఫోర్డిసెరస్ కావచ్చునని అతడు చెప్పెను. మా మిత్రుడును అదే చెప్పెను. ధనుర్మాసము మొదటి దినమున ఆ ఇంట అభిషేకము మరల మొదలైనది. సంపుటములో ఇప్పుడొక చిన్న చీటీ ఉన్నది. దానిపై ఆ బాలుడు తన ముత్తాత పేరు, కాళీగండకి, తెచ్చిన సంవత్సరము తెలియదు, పొర తెలియదు అని వ్రాసి పెట్టెను.